సొంత నోటి సాక్ష్యం

ఆ సంఘంలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి ఆదివారమే ఒక పరీక్ష ఎదురయ్యేది. నవ్వు ఆపుకోవడం. ప్రసంగం అయ్యాక, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ వస్తుంది. ఒక మగమనిషి లేస్తాడు. పక్కనే తలమీద ముసుగు సర్దుకుంటూ అతని భార్య కూడా లేస్తుంది. ఆయన గొంతు సవరించుకుని ఎంతో గంభీరంగా, "నాకు మూడో కాన్పు చాలా కష్టమైంది. కాళ్ళు వాచిపోయాయి. డాక్టరమ్మ ఆశ వదులుకోమంది. అయినా దేవుడు నన్నూ నా బిడ్డనీ కాపాడాడు" అంటాడు. అంత మీసమున్న మనిషికి కాన్పేమిటని కొత్తవాళ్ళు పాటల పుస్తకంలో మొహం దాచుకునేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం కన్నార్పకుండా "ఆమేన్" అనేవాళ్ళు.

ఈ పద్ధతి పెట్టింది సంఘాన్ని మొదలుపెట్టిన తొలి పాస్టరుగారు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలనీ, ఏమైనా తెలుసుకోవాలంటే ఇంటి దగ్గర భర్తని అడగాలనీ బైబిల్లో పౌలు కొరింథువాళ్ళకి రాశాడు. ఆ మాట జవదాటకూడదు. అలాగని ఆడవాళ్ళకి దేవుడు చేసిన మేలు నలుగురికీ తెలియకుండా పోకూడదు. ఆయన పెద్దమనసుతోనే ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. మాట ఆవిడది, నోరు ఆయనది. 'మా ఆవిడ ఏమంటోందంటే' అని మొదలుపెడితే మగవాళ్ళు సొంత కవిత్వం కలుపుతారని భయపడి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు, 'నేను' అనే చెప్పాలని షరతు కూడా పెట్టారు. భర్త లేనివాళ్ళకి తండ్రో, కొడుకో, బావగారో. ఎవరికీ లోటు రాకుండా చూశారు పాపం.

అయినా కవిత్వం ఆగలేదు. మైకు దగ్గర అసలు ఆగలేదు.

మైకు అన్నది మారుపేరు. అతను కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడు. తెల్లవారకముందే టమాటా బుట్టల మీద ఎక్కి నిలబడి అతను కేక పెడితే రెండు వీధుల అవతల నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. మైకు అక్కర్లేని మనిషి కాబట్టి అతనికే మైకు అని పేరు పెట్టారు. భార్య దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆవిడకి చిన్న జ్వరం వచ్చి తగ్గిందంటే ఆదివారం మైకు లేచి, మంచానికి అతుక్కుపోయాననీ, కళ్ళముందు పరలోకపు ద్వారం కనబడిందనీ చెప్పేవాడు. గోరంతని కొండంత చేయడం అతనికి వృత్తిరీత్యా వచ్చిన గుణం. వేలంలో పాట పెంచి పెంచి అలవాటైన నోరు, దేవుడి ముందు మాత్రం తగ్గించి చెబుతుందా? పక్కన నిలబడ్డ దర్జీ సిగ్గుతో నేలచూపులు చూసేది. ఇంటికొచ్చాక, "నాకు ద్వారాలు ఎక్కడ కనబడ్డాయండీ, మందుబిళ్ళ వేసుకుని పడుకున్నాను" అంటే, "నీకు కనబడకపోతే నా తప్పా?" అని పెద్దగా నవ్వేవాడు.

అలాంటి గొంతు ఒక చలికాలంలో బొంగురుపోయింది. జలుబన్నారు, దుమ్మన్నారు. చివరికి పెద్దాసుపత్రి డాక్టరు చూసి క్యాన్సరన్నాడు. స్వరపేటిక మొత్తం తీసేస్తే మనిషి దక్కుతాడు, ఉంచితే రెండూ దక్కవు అన్నాడు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ దర్జీ ఆస్పత్రి వరండాలో ఇనుప బెంచీ మీద కూర్చుంది. మనసులో అనుకున్నాననుకుంది గానీ మాటలు బయటికే వచ్చేశాయి. "దేవా, ఈ మనిషిని నాకు ఉంచు. ఆ గొంతు కావాలంటే తీసుకో. సంఘం ముందు నిలబడి, నా నోటితో నేనే నీకు వందనాలు చెప్పుకుంటాను." నేల తుడుస్తున్న ఆయా ఒకావిడ చీపురు ఆపి "ఆమేన్" అంది. అప్పుడు గానీ దర్జీకి తను ఏమని మొక్కుకుందో తెలియలేదు. తెలిశాక మాత్రం ఏం చేస్తుంది? నోరు జారిన మాటకి దేవుడే సాక్షి, ఆయా రెండో సాక్షి.

మనిషి దక్కాడు. మెడ ముందు చిన్న రంధ్రం, ఇక ఊపిరి అక్కణ్ణించే. మాట లేదు. దర్జీ మెత్తటి నూలుగుడ్డ తెచ్చి, ఊపిరి ఆడేలా పలచగా, దుమ్ము లోపలికి పోకుండా రెండు మడతలు వేసి, ఆ రంధ్రానికి అడ్డంగా కట్టుకునే చిన్నచిన్న మెడగుడ్డలు కుట్టింది. చొక్కాకో రంగు. మార్కెట్టువాళ్ళు అతన్ని వదులుకోలేదు. బుట్టల తూకం దగ్గర కూర్చోబెట్టారు. చెప్పాల్సింది పలక మీద రాసి చూపిస్తాడు. భార్యకి పలక అక్కర్లేదు. అతను పెదాలు కదిలిస్తే చాలు, ఆవిడ చదివేస్తుంది. సాయంకాలం మిషను ఆపేశాక ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని అలాగే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. గొంతున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో అన్ని కబుర్లు ఎప్పుడూ సాగలేదన్నది నిజం.

ఏడాది తిరిగింది. డాక్టరు మళ్ళీ పరీక్షలన్నీ చేసి, ఇక భయం లేదని చెప్పాడు. ఆ సాయంత్రమే మైకు అన్నగారు ఇంటికొచ్చారు.

ఆయన పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన హెడ్మాస్టరు, సంఘంలో పెద్ద. మాట్లాడటం మొదలుపెడితే సృష్టి దగ్గర మొదలుపెట్టి జలప్రళయం దాటేసరికి జనం గడియారాలు చూసుకుంటారు. కానీ మనిషి బంగారం. ఆస్పత్రిలో తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉన్నది ఆయనే. కుర్చీలో కూర్చుంటూనే అన్నారు.

"వచ్చే ఆదివారం కృతజ్ఞతల ఆరాధన పెట్టించానమ్మా. వాడు చెప్పలేడు కాబట్టి ఇంటి పెద్దగా నీ సాక్ష్యం నేనే చెప్తాను. అంతా సిద్ధం చేసుకున్నాను. యోబు పడ్డ కష్టాలతో మొదలుపెడుతున్నా."

దర్జీ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. ఈయనకి కాదని చెప్పాలి. ఈ ప్రపంచంలో ఎవరికైనా కాదని చెప్పవచ్చు గానీ ఈయనకి చెప్పడం ఎలా?

"బావగారూ, మీరు కోపగించుకోకూడదు. నేను మొక్కుకున్నానండీ. నా నోటితో నేనే చెప్తానని."

"ఎక్కడ? సంఘంలోనా?"

"అవునండీ."

"పౌలు కంటే పెద్దదానివయ్యావా అమ్మా?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, ఆవిడ కూడా ఏదో ఒకటి అనగలిగేది. ఆయన మొహం చిన్నబోయింది. తెచ్చుకున్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "నేను బతికుండగా ఇంటి కోడలు సంఘంలో లేచి మాట్లాడే అవసరం వచ్చిందంటే, నా లోటే కదా అది" అని వెళ్ళిపోయారు. దర్జీ ఆ రాత్రి కుట్టిన చొక్కాకి ఎడమచెయ్యి కుడివైపు, కుడిచెయ్యి ఎడమవైపు పెట్టి కుట్టింది.

మర్నాడు ఇప్పటి పాస్టరుగారింటికి వెళ్ళింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టుంది ఆవిడ పని. మొక్కు చెల్లించకపోతే దేవుడికి మాట తప్పినట్టు, చెల్లిస్తే వాక్యం తప్పినట్టు, పైగా బావగారి మనసు విరిచినట్టు. పాస్టరుగారు అంతా విని గడ్డం రుద్దుకున్నారు. ఆయన పెద్ద చదువు చదివినవాడు, తొందరపడేవాడు కాదు.

"ఇంట్లో భర్తని అడగమని ఉంది కదమ్మా" అన్నారు, ఏదో ఒకటి అనాలని.

"అడగొచ్చండీ. ఆయన చెప్పేది నాకు తెలుస్తుంది, మరి సంఘానికి చెప్పేదెవరండీ?"

లోపల బట్టలు మడతపెడుతున్న పాస్టరమ్మగారు అక్కణ్ణించే అందుకున్నారు. "భర్తని అడగమన్నాడని నేనూ పెళ్ళైన దగ్గర్నించీ అడుగుతూనే ఉన్నానమ్మా. ప్రసంగం రాసుకుంటున్నాను తర్వాత చెప్తా అంటారు. ఆ తర్వాత ఇంకా రాలేదు."

పాస్టరుగారు నవ్వలేదు. "నాకు కొంచెం టైమివ్వు తల్లీ. ఇన్నేళ్ళూ ఆ వచనం చెప్పానే గానీ, దాని ముందూ వెనకా నిలబడి చూడలేదు" అన్నారు.

శనివారం ఆయనే హెడ్మాస్టరుగారిని వెంటబెట్టుకుని మైకు ఇంటికొచ్చారు. ముందుగదిలో కుట్టాల్సిన గుడ్డలు పక్కకి జరిపి నలుగురూ కూర్చున్నారు. పాస్టరుగారు బైబిలు మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాస్టారూ, ఆ అధ్యాయంలో పౌలు ఊరుకోమన్నది ఆడవాళ్ళనొక్కళ్ళనే కాదండీ. ముగ్గుర్ని ఊరుకోమన్నాడు. అర్థం చెప్పేవాడు లేకపోతే ఎవరికీ తెలియని భాషల్లో మాట్లాడేవాణ్ణి ఊరుకోమన్నాడు. పక్కవాడికి దేవుడు మాట ఇస్తే, అప్పటిదాకా మాట్లాడుతున్నవాణ్ణి ఊరుకోమన్నాడు. ఆ తర్వాత ఆడవాళ్ళని. అక్కడ అంతా ఒకేసారి మాట్లాడేసి గోలగోలగా ఉండేదట, క్రమం కావాలన్నాడు. మనం మూడోది ఒక్కటి గట్టిగా పట్టుకున్నాం. ఆ రెండోది కూడా పట్టించుకునుంటే మీ ఉపన్యాసాలు సగానికి తగ్గేవి."

మైకు భుజాలు కదిలేలా నవ్వాడు. గొంతు లేకపోయినా నవ్వు పోలేదు అతనికి. హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు.

"దానికి మూడు అధ్యాయాల ముందే, ప్రార్థన చేసే స్త్రీ, ప్రవచించే స్త్రీ తల కప్పుకోవాలని ఆయనే రాశాడు. నోరే విప్పకూడని మనిషికి, నోరు విప్పినప్పుడు తల ఎలా ఉండాలో చెప్పడం ఎందుకండీ?"

"మరి ఆ పౌలే తిమోతికి రాసిన మాటో? స్త్రీ బోధించకూడదని, మౌనంగా నేర్చుకోవాలని?" హెడ్మాస్టరు వదిలే రకం కాదు.

"అది నాకింకా కొరుకుడు పడలేదు మాస్టారూ. అబద్ధమెందుకు? మంచివాళ్ళు, చదువుకున్నవాళ్ళు ఆ మాటని అటూ చదివారు, ఇటూ చదివారు. నేనింకా నడిదారిలోనే ఉన్నాను. కానీ ఈ తల్లి అడుగుతున్నది బోధ చేస్తానని కాదు, వందనాలు చెప్పుకుంటానని. దేవాలయంలో అన్న అనే ముసలావిడ పసిబిడ్డ యేసుని చూసి దేవుణ్ణి స్తుతించి, అక్కడున్నవాళ్ళందరికీ ఆయన గురించి చెప్పింది. కూర్చోమని ఎవరూ అన్నట్టు లేదు. ఇంకా పాతకాలంలో హన్నా ప్రార్థన చేస్తుంటే పెదాలు కదిలాయి గానీ గొంతు వినబడలేదు. యాజకుడు చూసి తాగొచ్చిందనుకున్నాడు. ఆ యాజకుడి పక్కన నా పేరు రాయించుకోవడం నాకిష్టం లేదండీ."

హెడ్మాస్టరు కళ్ళజోడు సర్దుకున్నారు. తర్వాత ఆఖరి అస్త్రం తీశారు. "ఆడది మొక్కుకున్నా భర్త వద్దంటే ఆ మొక్కు చెల్లదని ధర్మశాస్త్రంలోనే ఉంది."

"ఉందండీ. భర్త విని, కాదనకుండా ఊరుకుంటే ఆ మొక్కు నిలిచినట్టేనని కూడా అక్కడే ఉంది."

అందరూ మైకు వంక చూశారు. మైకు పలక తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాడు. 'తెలివొచ్చిన రోజే చెప్పింది. కాదనలేదు.'

"నోరు లేకపోతే ఎలా కాదంటావురా?" అన్నారు అన్నగారు.

మైకు పలక తుడిచి మళ్ళీ రాశాడు. 'తల అడ్డంగా ఊపడం వచ్చు.'

మౌనం అర్ధాంగీకారమన్నారు, ఇక్కడ పూర్తి అంగీకారమే అయిపోయింది. హెడ్మాస్టరు లేచారు. "అయితే ఇన్నేళ్ళూ మన పెద్దలు చేసింది తప్పంటారు."

"తప్పని నేననను. ఆడవాళ్ళ మాట పోకూడదని మగవాళ్ళ నోట్లో పెట్టి కాపాడారు. వాళ్ళకి తోచిన మేలు వాళ్ళు చేశారు. ఇవాళ ఆ నోరు లేదు. మాట ఎక్కడికి పోవాలి?"

"మీ ఇష్టం. నేను అడ్డుపడను. వెనక బెంచీలో కూర్చుంటాను" అని చెప్పులు వేసుకున్నారు. దర్జీ గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. అనుమతి దొరికింది, సంతోషం మాత్రం దొరకలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. సంఘం ఎంత మంచిదైనా ఆడమనిషి మాట్లాడుతుందంటే వచ్చేవాళ్ళు వస్తారు కదా. పాస్టరుగారు ముగ్గురి మౌనం గురించి క్లుప్తంగా చెప్పి, కాదనుకునేవాళ్ళని కోప్పడకుండా, దర్జీని పిలిచారు. ఆవిడ లేచింది. పక్కనే మైకు లేచాడు, నీలిరంగు మెడగుడ్డతో. వెనక బెంచీలో హెడ్మాస్టరు తల వంచుకుని కూర్చున్నారు.

వారమంతా మిషను తొక్కుతూ ఆవిడ ఒకటే వల్లెవేసింది. నేను బట్టలు కుట్టుకునేదాన్ని, నాకు దేవుడు ఇలా మేలు చేశాడు, అని. తీరా నోరు తెరిచాక బయటికొచ్చింది వేరు.

"నేను కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాణ్ణి."

హాలంతా ఒక్కసారి తలలెత్తింది. ఆవిడకి ముచ్చెమటలు పోశాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ హాల్లో లేచినవాళ్ళు పక్కన నిలబడ్డవాళ్ళ మాటే చెప్పడం విన్నది. మాట రాని మనిషి పక్కన ఉన్నాడు, మాటొచ్చిన మనిషి లేచింది, నాలుక తనకి తెలిసిన దారే పట్టింది. భయంగా మైకు వంక చూసింది. అతను నివ్వెరపోయి చూస్తున్నాడు. అంతలోనే తల ఊపాడు, నిలువుగా. చెప్పమని.

"నా గొంతు చూసుకుని నాకు పొగరుండేది. దాన్ని తీసేస్తామంటే, ప్రాణం పోయినా పర్లేదు గానీ గొంతు పోకూడదనుకున్నాను. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు."

ఒక్కరూ నవ్వలేదు. ఆ మాటలు ఆవిడ అల్లినవి కావు. ఏడాదిగా సాయంకాలాలు కిటికీ దగ్గర అతను పెదాలతో చెప్పినవి. ఆవిడొక్కతే విన్నవి.

"ఆపరేషనయ్యాక నా మెడలో గొట్టం పెట్టారు. రోజూ శుభ్రం చెయ్యాలి. నా భార్య చూడగానే కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు మా అన్నయ్య ముందుకొచ్చారు. బళ్ళో పిల్లల మోకాలు చెక్కుకుపోతే మందు రాయడానికి ఆయాని పిలిచే మనిషి, రక్తం చూడలేక. ఆయన నర్సు దగ్గర నేర్చుకున్నారు. చేతులు వణికేవి. ఆ వణుకు నాకు తెలియకూడదని పాట పాడేవారు. ఆయనకి పాట రాదు."

ఈసారి హాలు నవ్వింది. ఆవిడ గొంతు కుదుటపడింది.

"ఆ పాట ఎప్పుడు అయిపోతుందా అనుకునేవాణ్ణి. ఆయన ఇంటికెళ్ళాక, మళ్ళీ ఎప్పుడొస్తారా అని తలుపు వైపే చూసేవాణ్ణి. చిన్నప్పుడు నన్ను భుజాల మీద మోశారు, ఈ వయసులోనూ మోశారు. గొంతున్నన్నాళ్ళూ ఆయనకి ఒక్క మంచి మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను. చెప్పాలనుకునేసరికి గొంతు లేదు. దేవా, మా అన్నయ్యని నాకిచ్చినందుకు నీకు వందనాలు. అన్నయ్యా, నీక్కూడా."

మైకు వెనక్కి తిరిగి, ఆఖరి బెంచీ వైపు చూస్తూ రెండు చేతులూ జోడించాడు.

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. యోబుతో మొదలుపెట్టి ఆయన ఎంత గొప్పగా చెప్పినా ఈ ఒక్క మాట ఆయన నోటి నుంచి వచ్చేది కాదు. తన మంచితనం తను చెప్పుకునే మనిషి కాదాయన. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, ముగింపు ప్రార్థనకి చేతులెత్తారు.

"పాస్టరుగారూ, ఒక్క నిమిషం."

హెడ్మాస్టరు లేచి నిలబడ్డారు. అయిపోయింది, ఇక సృష్టి మొదలవుతుందని జనం సర్దుకు కూర్చున్నారు.

"అది మా తమ్ముడి సాక్ష్యం. విన్నాం. అమ్మాయి మొక్కుకున్నది తన సాక్ష్యం చెప్తానని. తనదింకా చెప్పలేదు." ఆయన దర్జీ వైపు తిరిగారు. "చెప్పమ్మా. నీది చెప్పు. మేం వింటాం." అని కూర్చున్నారు. ఆయన జీవితంలో అంత చిన్న ఉపన్యాసం ఎప్పుడూ ఇవ్వలేదు.

దర్జీ ముసుగు సర్దుకుంది. వల్లెవేసినదంతా ఎక్కడికో పోయింది. ఉన్నది మాత్రం చెప్పింది.

"నేను బట్టలు కుట్టుకునేదాన్ని. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఈయన్ని నాకు ఉంచమని దేవుణ్ణి అడిగాను. ఉంచాడు. రోజూ పొద్దున మెలకువ రాగానే, కళ్ళు తెరవకుండానే, ఈయన మెడ దగ్గర ఊపిరి చప్పుడు కోసం వింటాను. వినబడుతుంది. అప్పుడు లేచి పొయ్యి వెలిగిస్తాను. ఇంతకంటే నాకు చెప్పడం రాదు. వందనాలు." అని కూర్చుంది.